పురిటి గదిలో కెమెరా

ఫొటోలు తీసేవాళ్ళంటే నాకు కోపమేమీ లేదు. ఈ మాట ముందుగా చెప్పెయ్యడం మంచిది. లేకపోతే ఈ నాలుగు ముక్కలూ చదివి "ఈవిడకి అందమంటే ఏమిటో తెలీదు, ఉత్త పాతకాలపు మనిషి" అని తేల్చేసేవాళ్ళు మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

నిజం చెప్పొద్దూ, పొద్దున్నే లేచి, కాఫీ డికాక్షన్ దిగేలోగా ఫోను తెరిస్తే కనిపించే బొమ్మలంటే నాకూ ఇష్టమే. గోదావరి మీద సూర్యోదయం, పాపికొండల మధ్య పొగమంచు, లంబసింగిలో తెల్లారగట్ట చలిమంట, తామరాకు మీద నీటిబొట్టు... రాజమండ్రిలో కాపురం పెట్టి పదిహేడేళ్ళయినా నేను పాపికొండలు కళ్ళారా చూసింది ఒక్కసారే. మిగతాదంతా ఎవరో బ్యాంకు ఉద్యోగి, ఎవరో స్కూలు మేష్టారు ఆదివారం పూట కెమెరా భుజాన వేసుకు వెళ్ళి తీసి, పైసా ఆశించకుండా పదిమందికీ పంచిన బొమ్మల్లో చూసిందే. వంటింటి కిటికీలోంచి ఎదుటి అపార్టుమెంటు గోడ తప్ప మరేమీ కనిపించని మనలాంటివాళ్ళకి వాళ్ళు చేస్తున్నది ఉపకారమే. కొండని ఫొటో తీస్తే కొండ కదలదు. సూర్యుణ్ణి తీస్తే సూర్యుడు బెదరడు. ఎన్ని తీసినా ఎవరికీ నష్టం లేదు.

బెదిరేవి కొన్ని ఉన్నాయి. నా తగువంతా వాటి గురించే. ఇంకా సూటిగా చెప్పాలంటే పక్షిగూళ్ళ ఫొటోల గురించి. నోరు తెరుచుకున్న మూడు పిల్లలూ, అంచున తల్లీ, దాని ముక్కున పురుగూ, కింద "అమ్మ ప్రేమ" అని ఒక శీర్షికా. మీరూ చూసే ఉంటారు. చూసి ఒక ఎర్ర గుండెకాయ బొమ్మ నొక్కే ఉంటారు. నేనూ నొక్కాను. నొక్కినందుకే ఇవాళ ఇలా రాస్తున్నాను.

కిందటేడు మా బాల్కనీలోకి పాకిన రాధామనోహరం తీగలో పికిలిపిట్ట గూడు కట్టింది. నెత్తిన నల్లని జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ, ఆ పిట్టే. కాఫీ కప్పంత గూడు. అందులో లేతగులాబి రంగు మీద ఇటుకపొడి చల్లినట్టున్న మూడు గుడ్లు. దాదాపు రెండు వారాలు నేను ఆ బాల్కనీలో బట్టలు ఆరెయ్యలేదు. మా పనిమనిషి కూడా అటు చీపురు తీసుకు వెళ్ళడం మానేసింది. ఎవరూ చెప్పకుండానే మానేసింది. ఆ పిట్ట కూడా మమ్మల్ని కొంత నమ్మినట్టే ఉండేది.

పిల్లలు బయటికొచ్చిన రోజున సంతోషం పట్టలేక ఆ మాట మా వారితో అన్నాను. మా వారు వాళ్ళ తమ్ముడితో అన్నారు. అంతే.

మా మరిది మంచివాడు. ఈ మాట వ్యంగ్యంగా అనడంలేదు. ఎవరికి జబ్బు చేసినా ముందు వెళ్ళేది అతనే. మూడేళ్ళ క్రితం ఒక కెమెరా కొన్నాడు. దాని గొట్టం మా ఇంట్లో రోకలంత ఉంటుంది. అప్పటినుంచీ ఆదివారాలు ఇంట్లో ఉండడు. కొల్లేరంటాడు, కోరింగంటాడు. తీసిన బొమ్మలు తనలాంటి కెమెరా పిచ్చివాళ్ళున్న గుంపులో పెడతాడు. రాత్రి భోజనాల దగ్గర ఎన్ని లైకులొచ్చాయో చెబుతాడు. అతని భార్య ఎన్ని ముద్దలు తిందో అతనికి తెలీదు గాని, కొంగ ఎన్ని చేపలు తిందో లెక్కగా చెప్పగలడు.

ఆ ఆదివారం మా ఇంటికొచ్చాడు. గూటికి ఆకులు అడ్డం వచ్చాయి. ఆకుల చాటున ఉండాలనేగా పిట్ట అక్కడ కట్టుకుంది! అతను రెండు కొమ్మలు పక్కకి లాగి, మా బట్టల క్లిప్పులే తీసుకుని గ్రిల్లుకి బిగించాడు. వెలుతురు చాలకపోతే ఫ్లాషు పెట్టాడు. తల్లిపిట్ట ముక్కున పురుగు కరుచుకుని ఎదురుగా కరెంటు తీగ మీద వాలి, ఒకటే అరుపు. జుట్టు నిక్కబొడుచుకుని, నోరు తెరిచి అరుస్తోంది.

"వదినా, ఆ ఎక్స్‌ప్రెషన్ చూశారా! ఎంత బాగా పాడుతోందో!" అన్నాడు మా మరిది.

నేనూ చూశాను. నేనూ పాట అనే అనుకున్నాను. ఆ రాత్రి ఆ బొమ్మకి ఏడువందల లైకులొచ్చాయి. కింద నేను కూడా "ఇది మా ఇల్లే!" అని గొప్పగా రాశాను. మర్నాడు సాయంత్రం అతని స్నేహితులు ఇద్దరొచ్చారు, మేమూ తీసుకుంటామంటూ. వాళ్ళకి పెసరట్లు వేసి పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. పోతూ పోతూ ఆ క్లిప్పులు తియ్యాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మూడోనాటి పొద్దున గూడు ఒక పక్కకి ఒరిగి ఉంది. లోపల ఏమీ లేదు. గ్రిల్లు మీద కాకి ఒకటి కూచుని ఉంది. ఆకులు తొలగించి, విస్తరి వేసి, దాన్ని పిలిచినట్టే అయింది మరి. పికిలిపిట్ట మాత్రం ఆ రోజంతా ముక్కున మేత కరుచుకుని వస్తూనే ఉంది. తీగ మీద వాలడం, అరవడం, గూటి దాకా రావడం, మళ్ళీ తీగ మీదికే పోవడం. ఆదివారం నాడు నేను విన్న "పాట" అదే. అచ్చంగా అదే అరుపు. అప్పుడు తెలిసింది నాకు, ఏడువందల మందిమి కలిసి మెచ్చుకున్నది దేన్నో. అది అమ్మ ప్రేమ కాదండీ, అమ్మ భయం. "పిల్లల్ని వదిలెయ్యండి మొర్రో" అని ఒక తల్లి మొత్తుకుంటూంటే, ఆ మొత్తుకోలు ముఖకవళికలు ఎంత స్పష్టంగా వచ్చాయో అని మురిసిపోయాం.

మా అమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. డెబ్బై నాలుగేళ్ళావిడ. ఒరిగిన గూడు చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ పురిటి గది గుమ్మానికి దుప్పటి కట్టింది. పదకొండు రోజులూ మీ నాన్నగారు సైతం గడప అవతల నుంచే చూసిపోయారు. దిష్టీ గిష్టీ అంటే నువ్వు నవ్వేదానివి కదుటే, బి.ఏ. చదివినదానివి. మరి ఇదేమిటి? పురిటి గదిలోకి ఊళ్ళోవాళ్ళందర్నీ నువ్వే పిలిచి, పైగా ఫలహారాలు పెట్టావు!"

దిష్టి అంటే నేను ఇప్పటికీ నమ్మను. అయితే ఆ దుప్పటి వెనకాల ఉన్న తెలివి మాత్రం ఆ రోజున అర్థమైంది. చూపు ఒక్కటే ఎప్పుడూ రాదు. చూపు వెనకాల కాళ్ళొస్తాయి. కాళ్ళ వెనకాల దారి పడుతుంది. ఆ దారినే కాకి వస్తుంది, పిల్లి వస్తుంది, పాము వస్తుంది. పూర్వపు ఆడవాళ్ళు దానికి దిష్టి అని పేరు పెట్టారు. పేరు ఏదైతేనేం, దుప్పటి కట్టడం మాత్రం సబబే.

పదిరోజుల తర్వాత ఈ మాటే మా మరిదితో అన్నాను. "ఒక్క ఫొటోకే ఇంత రాద్ధాంతమా వదినా? నేనేమన్నా వేటగాణ్ణా?" అన్నాడు.

నాకూ కాస్త మొండితనం ఉంది. చట్టం తీసి చూశాను. మన దేశంలో 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం "వేట" అనే మాటకి అర్థం చెబుతూ, చంపడాన్నీ పట్టుకోవడాన్నీ మాత్రమే అందులో చేర్చలేదు. పక్షుల గుడ్లు పాడుచెయ్యడాన్నీ, గుడ్లనిగాని గూళ్ళనిగాని చెదరగొట్టడాన్నీ కూడా వేట కిందే లెక్కకట్టింది. తుపాకీ ఉంటేనే వేట అని ఎక్కడా లేదు. ఈ సంగతి చెబితే మా మరిది మొహం చిన్నబుచ్చుకున్నాడు. రెండు నెలలు మా ఇంటి గడప తొక్కలేదు.

ఈ పిచ్చి ఈనాటిది కాదు, మనవాళ్ళదొక్కళ్ళదే అంతకన్నా కాదు. ఇంగ్లండులో కియర్టన్ సోదరులని అన్నదమ్ములుండేవారు. 1892లో ఒక పక్షిగూటినీ గుడ్లనీ ఫొటో తీశారు. 1895లో మొదటినుంచి చివరిదాకా ఫొటోలతోనే పక్షిగూళ్ళ పుస్తకం ఒకటి అచ్చువేశారు. అంతకుముందు దొరలకి గుడ్లు ఎత్తుకొచ్చి పెట్టెల్లో దాచుకునే సరదా ఉండేది కనుక, గుడ్డుకి బదులు గుడ్డు బొమ్మ తెచ్చుకోవడం అప్పటికి ఎంతో నయమే. పైగా ఆ అన్నదమ్ములు పిట్ట బెదరకుండా ఉండాలని, బోలుగా కుట్టిన ఎద్దు బొమ్మ కడుపులో దూరి కూచుని మరీ తీసేవారట! నూట పాతికేళ్ళ కిందట చేతి సంచీలంత కెమెరాతో ఎద్దు కడుపులో దూరినవాళ్ళకున్న మర్యాద, ఇవాళ రోకలంత గొట్టం కొన్నవాళ్ళకి లేకపోతే ఏమనాలి?

ఆ దేశంవాడే ఎరిక్ హాస్కింగ్ అనే ఆయన పక్షుల ఫొటోలకి చాలా పేరుపడ్డాడు. 1937లో ఆయన ఒక గుడ్లగూబ గూటి దగ్గర ఫొటోకోసం పొంచి ఉంటే, ఆ గుడ్లగూబ చీకట్లోంచి మొహం మీద వాలి గోళ్ళతో చీరేసింది. ఎడమ కన్ను పోయింది. ఆయన దాన్ని తిట్టుకోలేదు. తర్వాత కూడా జన్మంతా పక్షుల్నే ప్రేమిస్తూ బతికాడు. నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా గుడ్లగూబ వైపే మనసు పోతుంది. పికిలిపిట్టకి అలాంటి గోళ్ళుంటే మన ఊళ్ళల్లో ఎంతమంది ఒంటికన్నుతో తిరుగుతూ ఉండేవారో! ఆ ఇంగ్లండులోనే 1981లో వచ్చిన చట్టం ప్రకారం, జాబితాకెక్కిన అరుదైన పక్షుల్ని గూటి దగ్గర అనుమతి లేకుండా కదిలించడం నేరం. ఫొటోకోసమే కదా అంటే ఒప్పుకోరు.

పక్షి కాస్సేపు ఎగిరిపోతే ఏమవుతుంది, మళ్ళీ వస్తుందిగా అంటారు. ఏమవుతుందో చెబుతాను. మన పొలాల్లో తీతువు పిట్ట గూడంటూ కట్టదు. ఉత్త నేలమీద, గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళలాంటి నాలుగు గుడ్లు పెడుతుంది. నడివేసవి ఎండలో అది గుడ్ల మీద కూచునేది వేడి కోసం కాదు, నీడ కోసం. పొట్ట ఈకలు నీళ్ళల్లో తడుపుకుని వచ్చి గుడ్లని చల్లబరుస్తుంది కూడా. మిట్టమధ్యాహ్నం ఒక అరగంట దాన్ని దూరంగా తరిమితే ఆ గుడ్లు ఉడికిపోతాయి. గూడబాతు పిల్లలు పుట్టినప్పుడు ఒంటిమీద ఈక లేకుండా ఉంటాయి. తల్లి రెక్కనీడే వాటికి కప్పు. పెద్ద గుంపుగా కట్టుకున్న గూళ్ళ మధ్యకి మనిషి వెళితేనో, ఆ ఎగిరే కెమెరాని పంపితేనో పెద్దవన్నీ ఒక్కసారి లేచిపోతాయి. కాకులు సరిగ్గా దానికోసమే కాచుకుని ఉంటాయి.

ఇవి చాలక కొత్త విద్యలు వచ్చాయి. ఫోనులో మగపిట్ట కూత వినిపిస్తారు. తన ఇలాకాలోకి మరెవడో వచ్చాడనుకుని ఆ పిచ్చితండ్రి పిల్లల మేత వదిలేసి పోట్లాటకొస్తాడు. ఆ కోపంలో రెక్కలు విప్పితే ఫొటో బాగా వస్తుందట. ఎవరైనా మన ఇంటి ముందు నిలబడి ఉత్తుత్తినే "దొంగ! దొంగ!" అని అరిచి, మనం చంటిపిల్లని కింద పడేసి కంగారుగా బయటికొస్తే ఆ కంగారుని ఫొటో తీశారనుకోండి. చెప్పుచ్చుకుని కొట్టమూ?

అన్నిటికన్నా ముఖ్యమైంది ఊరి పేరు. బొమ్మ పెట్టి ఊరుకోరు, కింద ఊరూ, చెరువూ, చెట్టు గుర్తూ కూడా రాస్తారు. అవి రాయకపోయినా, ఫోనులో సరిచూసుకోకపోతే తీసిన చోటు ఫొటోలోనే నమోదై ఉంటుంది. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వాళ్ళు సైతం ప్రమాదంలో ఉన్న కొన్ని జాతులు ఎక్కడ కనిపించాయో పైకి చూపించకుండా దాచి ఉంచుతారు. తెలిసినవాళ్ళు దాస్తున్నారు, సగం తెలిసినవాళ్ళు దండోరా వేస్తున్నారు.

"ప్రచారం లేకపోతే జనానికి ప్రేమ ఎలా పుడుతుంది?" అని మా మరిది రెండో ప్రశ్న. దీనికి జవాబు నేను చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వాళ్ళు చెబుతారు. అక్కడ చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు పెడతాయి. రాయలసీమలో చిలమత్తూరు దగ్గర వీరాపురంలోనూ ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదనే ఎర్రకాళ్ళ కొంగలు పిల్లల్ని పెంచుతాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువే వాటికి పుట్టిల్లు. వాటిని జనం సైబీరియా పక్షులంటారు గాని నిజానికి ఇవి మన దేశం పక్షులే. మన ఆడపడుచులే అన్నమాట! కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊరుంది. గూడబాతులు వస్తే ఆడపిల్లలు పురుటికి పుట్టింటికి వచ్చినట్టే అక్కడివాళ్ళు చూసుకుంటారు. ఈ ఊళ్ళవాళ్ళకి ప్రేమ పుట్టించింది ఏ ఫొటో? ఫోన్లు పుట్టకముందు నుంచీ ఆ రెట్టల వాసన భరించి, రాలిపడ్డ పిల్లల్ని ఎత్తి కాపాడుకున్నవాళ్ళు వాళ్ళు. ప్రేమ చూపిస్తే పుట్టేది కాదు, ఓర్చుకుంటే పుట్టేది. ఈ సంగతి సంసారం చేసినవాళ్ళకి వేరే చెప్పాలా?

ఫొటోలు అసలే వద్దని నేననడం లేదు. నేలపట్టులో టవరు ఎక్కి, చెరువులో కడప చెట్ల మీది గూడబాతుల్ని దూరం నుంచి తీస్తే ఎవరూ కాదనరు. ఎగిరే కొంగని తియ్యండి, ఈదే బాతుని తియ్యండి, పులికాట్ నీళ్ళల్లో నిలబడ్డ రాజహంసల్ని తియ్యండి. వాటికి ఇష్టం లేకపోతే ఎగిరిపోతాయి, గొడవ లేదు. గూట్లో ఉన్న తల్లికి ఎగిరిపోయే స్వేచ్ఛ లేదు. అది కట్టేసినదానికిందే లెక్క. కట్టేసినదాన్ని ఫొటో తీసి "ఎంత ధైర్యంగా నిలబడిందో!" అనడం న్యాయం కాదు. ఈ రోజుల్లో సీమంతం మొదలు బారసాల దాకా మన ఇళ్ళల్లోనూ ఫొటోలే. కాని వాళ్ళని మనం పిలిచాం. పికిలిపిట్ట ఎవర్ని పిలిచింది?

ఇక మన సంగతి. ఇంతసేపూ మగవాళ్ళ మీద పడ్డానని సంతోషించకండి. కెమెరా పట్టుకున్నవాళ్ళల్లో ఆడవాళ్ళూ బోలెడంతమంది ఉన్నారు. పట్టుకోనివాళ్ళం గుండెకాయలు నొక్కుతున్నాం. ఆ ఏడువందల లైకుల్లో సగం మన ఆడవాళ్ళవే. నేను లెక్కపెట్టాను. కొనేవాడు ఉంటేనే అమ్మేవాడుంటాడు. గూటి ఫొటోకి ఏడువందలూ, సూర్యోదయానికి డెబ్బయ్యీ వస్తే, వచ్చే ఆదివారం అతను ఎక్కడికి పోతాడు? గూటి దగ్గరికే పోతాడు. మనమే పంపిస్తున్నాం.

అంచేత నేను ఒక నియమం పెట్టుకున్నాను. గూటి బొమ్మ కనిపిస్తే గుండెకాయ నొక్కను, మరొకరికి పంపను. దాని కింద మర్యాదగా ఒకే ఒక ప్రశ్న రాస్తాను: "తర్వాత ఆ పిల్లలు ఏమయ్యాయండీ?" ఇప్పటికి పదకొండుమందిని అడిగాను. ఇద్దరు జవాబిచ్చారు. ఒకాయన నన్ను గుంపులోంచి తీసేశారు. మీరూ అడిగి చూడండి. పదిమంది ఆడవాళ్ళు అదే ప్రశ్న వేస్తే, పదకొండో గూడు దగ్గర క్లిప్పు తియ్యబోయే చెయ్యి ఒక్క క్షణం ఆగకపోదు.

మొన్న ఉగాదికి మా మరిది వచ్చాడు. ఉగాది పచ్చడి తిని, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, బాల్కనీ వైపు చూడకుండానే అడిగాడు. "ఈ ఏడు పికిలిపిట్ట వచ్చిందా వదినా?"

"రాలేదు" అన్నాను.

నవలలు రాసేదాన్ని, అబద్ధమాడడం నాకంత కష్టం కాదు. వచ్చింది. అదో, దాని చెల్లెలో. ఈసారి ఎక్కడ కట్టిందో మా వారికి కూడా చెప్పలేదు. అమ్మకీ, పనిమనిషికీ, నాకూ తెలుసు.

మీకు మాత్రం ఎందుకు చెప్పానంటారా? మా తోడికోడలు ఈ పత్రిక క్రమం తప్పకుండా తెప్పిస్తుంది, మా మరిదీ చదువుతాడు. నిన్న పొద్దున్నే మూడు పిల్లలూ ఎగిరిపోయాయి. గూడు ఖాళీ అయ్యాకనే ఈ వ్యాసం కవరులో పెట్టాను.